శత్రువుల మధ్య కూచుని జాబితా రాసిన రోజ్

మ్యూజియంలో ఉద్యోగమా, అందులో పనేముంటుంది, బొమ్మల మీద దుమ్ము దులుపుకోవడమేగా అనుకునేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఒక మ్యూజియం రికార్డుల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి ఈ మాట నాకు బాగా అలవాటే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేను క్యూరేటర్ బాధ్యతల గురించి ఉపన్యాసం ఇవ్వను. ఒక ఫ్రెంచి ఆవిడ కథ చెబుతాను. పేరు రోజ్ వాలాండ్. తుపాకీ పట్టలేదు, బాంబు వెయ్యలేదు. నాలుగేళ్లపాటు శత్రువుల మధ్యే తిరుగుతూ, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టింది. ఆ కాగితాల వల్లే వేల కుటుంబాల వస్తువులు తిరిగి వాళ్ల గడప తొక్కాయి.

కమ్మరి ఇంటి పిల్ల

రోజ్ 1898 నవంబరు 1న పుట్టింది. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండలకి దగ్గరగా ఉన్న ఇజేర్ ప్రాంతంలో ఓ చిన్న ఊరు ఆమెది. తండ్రి కమ్మరి. గుర్రాలకి నాడాలు కొట్టడం ఆయన వృత్తి. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఆ రోజుల్లో నాలుగు అక్షరాలు నేర్చుకుని పెళ్లి చేసుకోవడమే ఎక్కువ. కానీ రోజ్ చదువులో చురుకు. స్కాలర్‌షిప్పు తెచ్చుకుని గ్రెనోబుల్‌లో పంతులమ్మ ట్రైనింగులో చేరింది. 1918లో అది పూర్తయింది.

హాయిగా ఊళ్లో టీచరుగా స్థిరపడిపోవచ్చు. ఇంట్లో వాళ్లకీ అదే గొప్ప. కానీ రోజ్‌కి బొమ్మలంటే పిచ్చి. లియోన్ నగరంలోని చిత్రకళా పాఠశాలలో చేరింది. అక్కణ్ణుంచి 1922లో పారిస్ వెళ్లింది. అక్కడ బొమ్మలు వెయ్యడంతోపాటు బొమ్మల చరిత్ర కూడా చదవడం మొదలుపెట్టింది. లూవ్ మ్యూజియానికి అనుబంధంగా ఉన్న పాఠశాలలో, సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చదివి డిప్లొమాలు సంపాదించింది. దాదాపు పదేళ్ల చదువు. ఏ శతాబ్దంలో ఏ రంగు ఎలా కలిపేవారు, ఏ చిత్రకారుడి చెయ్యి ఎలా ఉంటుంది, అసలు ఏది, నకలు ఏది... ఇవన్నీ చూడగానే పట్టుకునే చూపు ఆమెకి అలా వచ్చింది. క్యూరేటర్‌కి కావలసిన మొదటి విద్య ఇదే. పుస్తకాలు చదివితే సగం వస్తుంది. మిగతా సగం వేల బొమ్మలని ఓపిగ్గా చూస్తేనే వస్తుంది.

జీతం లేని ఉద్యోగం

ఇంత చదివిన మనిషికి ఉద్యోగం దొరికిందా? దొరికింది. జీతమే లేదు! 1932లో పారిస్‌లోని జు ద పోమ్ మ్యూజియంలో స్వచ్ఛంద సహాయకురాలిగా చేరింది. తూలరీ ఉద్యానవనం మూలన ఉన్న ఈ భవనాన్ని 1861లో మూడో నెపోలియన్ కాలంలో బంతాట కోసం కట్టారు. తర్వాత అది విదేశీ చిత్రకారుల బొమ్మలు పెట్టే మ్యూజియం అయింది. అక్కడ రోజ్ కేటలాగులు తయారుచేసేది, ప్రదర్శనలకి ఏర్పాట్లు చూసేది. బండెడు పని. కానీ జీతం పుస్తకంలో పేరెక్కింది మాత్రం 1941లో. అంటే దాదాపు తొమ్మిదేళ్లు! మగవాళ్లకైతే పదవులు, బిరుదులు. పనిచేసే ఆడవాళ్లకి మాత్రం ఈ సహాయకురాలు అన్న పిలుపు. ఇది ఒక్క ఫ్రాన్స్ సంగతే కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. మ్యూజియంలోకి ఏ వస్తువు వచ్చినా ముందు రిజిస్టరులోకి ఎక్కుతుంది. దానికో నెంబరు, కొలతలు, దేనితో చేసింది, ఎక్కడ పగులుంది, ఎక్కడ రంగు లేచింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఏ గదిలో ఏ అరలో పెట్టారు... అన్నీ రాయాలి. చిత్రాన్ని ముందువైపు అందరూ చూస్తారు. మేం వెనక్కి తిప్పి చూస్తాం. చట్రం వెనక పాత యజమాని పేరు, ఏదో ప్రదర్శన తాలూకు చీటీ, సుద్దతో వేసిన నెంబరు... అసలు కథంతా అక్కడుంటుంది. స్థలం కొనేటప్పుడు మనం లింకు డాక్యుమెంట్లు చూడమూ? ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చిందో వరస తప్పకుండా తేలాలి. బొమ్మలకీ అంతే. ఆ వరస తెగిపోతే బొమ్మ ఎవరిదో చెప్పలేం.

రోజ్‌కి ఈ అలవాటు జీర్ణించుకుపోయింది. అదే తర్వాత ఆమె ఆయుధమైంది.

కొల్లగొట్టిన సొమ్ము చేరిన చోటు

1939లో యుద్ధం ముంచుకొస్తోందని తెలియగానే ఫ్రాన్స్ మ్యూజియాల్లో బొమ్మలన్నిటినీ పెట్టెల్లో సర్ది పల్లెల్లోని కోటలకి తరలించారు. మోనాలిసా కూడా అలాగే పారిస్ వదిలింది. తన మ్యూజియం బొమ్మల్ని సర్దే పనిలో రోజ్ ఉంది. బొమ్మలు సర్దడం అంటే చీరలు పెట్టెలో పెట్టినట్టు కాదు. తేమ తగలకూడదు, ఒకదానికొకటి ఒరుసుకోకూడదు, ఏ పెట్టెలో ఏముందో పెట్టె తెరవకుండానే తెలియాలి.

1940 జూన్ 14న జర్మన్ సైన్యం పారిస్‌లోకి వచ్చింది. యూదుల ఇళ్లల్లో, వాళ్ల బ్యాంకు లాకర్లలో, దుకాణాల్లో ఉన్న కళాఖండాలని నాజీలు లాక్కోవడం మొదలుపెట్టారు. రాత్షీల్డ్, డేవిడ్ వీల్, పాల్ రోజెన్‌బర్గ్... ఇలా రెండువందల పైచిలుకు సేకరణలు. వీటన్నిటినీ తెచ్చి లెక్కలు వేసి జర్మనీకి పంపించడానికి నాజీలకో చోటు కావాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో వాళ్లు ఎంచుకున్నది రోజ్ పనిచేసే జు ద పోమ్‌నే.

ఫ్రాన్స్ జాతీయ మ్యూజియాల పెద్ద జాక్ జొజార్. ఎలాగైనా సరే అక్కడే ఉండమని ఆయన రోజ్‌ని కోరాడు. భవనం బాగోగులు, పనివాళ్ల అజమాయిషీ చూసుకునే నెపంతో ఆమె ఉండిపోయింది. తెచ్చిన వస్తువులకి ఫ్రెంచివాళ్లు కూడా ఓ జాబితా రాసుకోవచ్చని మొదట్లో ఒప్పందం ఉండేది. కానీ ఆమె రాయడం మొదలుపెట్టగానే జర్మన్లు ఆపించేశారు. జాబితా ఉంటే ఏదో ఒకరోజు లెక్క చెప్పాల్సి వస్తుందని దొంగలకి బాగా తెలుసు మరి!

పైకి రాయడం మానేసింది. రహస్యంగా రాయడం మొదలుపెట్టింది.

కనిపించకపోవడమే బలం

రోజ్ అప్పటికి నలభై దాటిన మనిషి. కళ్లజోడు, ముడివేసిన జుట్టు, సాదాసీదా దుస్తులు. ఎవరూ రెండోసారి తిరిగి చూడని రూపం. ఆ అధికారుల దృష్టిలో ఆమె తాళంచెవులు చూసుకునే ఓ మామూలు ఆడమనిషి. దీన్ని ఆమె అవమానంగా తీసుకోలేదు, తన పనికి వాడుకుంది. పైగా ఆమెకి జర్మన్ భాష అర్థమవుతుంది. ఆ సంగతి వాళ్లకి తెలియనివ్వలేదు. వాళ్లు ఆమె ముందే ఏ పెట్టె ఏ కోటకి పోవాలో మాట్లాడుకునేవాళ్లు. ఆమె మొహంలో మాత్రం ఏమీ కదిలేది కాదు.

ఇంటికెళ్లాక అన్నీ గుర్తు తెచ్చుకుని రాసుకునేది. ఏ బొమ్మ, ఎవరి ఇంట్లోది, ఏ పెట్టెలో పెట్టారు, పెట్టె మీద ఏ గుర్తు వేశారు, ఏ తేదీన ఏ రైల్లో ఏ ఊరికి పోయింది. చెత్తబుట్టలో పారేసిన కార్బన్ కాగితాలు ఏరి చదివేది. ఫోటో నెగెటివ్‌లు రాత్రికి తీసుకెళ్లి ప్రింట్లు వేయించి, పొద్దున్నే ఉన్నచోట పెట్టేసేది. లారీ డ్రైవర్లతో, కాపలావాళ్లతో, పెట్టెలు కట్టేవాళ్లతో ఊరికే మాటలు కలుపుతున్నట్టుగా కలిపి విషయాలు లాగేది. తెలిసిందంతా జొజార్‌కి చేరవేసేది.

క్యూరేటర్‌కి భాషలు రావాలి, జ్ఞాపకశక్తి ఉండాలి, కింది ఉద్యోగుల్ని మనుషులుగా చూడడం రావాలి అని మా పెద్దలు చెబుతుంటే మామూలు సలహాల్లా వినేదాన్ని. రోజ్ కథ చదివాకే అవి ఎంత దూరం తీసుకెళ్తాయో తెలిసింది.

ఇంతకీ అక్కడికి ఎవరొచ్చేవాళ్లో తెలుసా? హిట్లర్ తర్వాత అంతటివాడైన గోరింగ్. ఒకసారి కాదు, దాదాపు ఇరవైసార్లు వచ్చాడు. బజార్లో పట్టుచీరలు పరిపించుకున్నట్టు బొమ్మల్ని వరసగా పెట్టించుకుని, నచ్చినవి తన సొంత రైల్లో వేయించుకుపోయేవాడు. మరీ గొప్పవి హిట్లర్ కట్టించాలనుకున్న మ్యూజియానికి. వెర్మీర్ వేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడి చిత్రం అలా పోయిందే. రాత్షీల్డ్ కుటుంబం నుంచి లాక్కున్న ఆ చిత్రం యుద్ధం తర్వాత వాళ్లకి తిరిగొచ్చింది. ఇప్పుడు లూవ్‌లో ఉంది.

పికాసో, మీరో, క్లే లాంటి ఆధునికుల బొమ్మలు నాజీలకి గిట్టవు. 1943 జులైలో అలాంటి బొమ్మలు అయిదారు వందలు మ్యూజియం ఆవరణలోనే తగలబెట్టేశారని రోజ్ నమోదు చేసింది. బొమ్మల కోసం బతికిన మనిషి ఆ మంటని అంత దగ్గర్లో చూసి, మర్నాడు మళ్లీ అదే మామూలు మొహంతో పనిలోకి వెళ్లాలి. నా మట్టుకు నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే కష్టమైన రోజు అదేననిపిస్తుంది.

అనుమానం రాలేదా అంటారా? వచ్చింది. పలుమార్లు బయటికి వెళ్లగొట్టారు. ప్రతిసారీ ఏదో కారణం చెప్పి మళ్లీ లోపలికి వచ్చేది. 1944 ఫిబ్రవరిలో బ్రూనో లోజె అనే అధికారికి ఆమె కాగితాలు చదువుతూ దొరికిపోయింది. రహస్యాలు బయటపెడితే కాల్చేస్తారని అతను బెదిరించాడు. ఆ ప్రమాదం తెలియనంత తెలివితక్కువవాళ్లు ఇక్కడెవరూ లేరన్నట్టుగా నిదానంగా జవాబిచ్చి ఊరుకుంది. మర్నాడు మళ్లీ రాసుకుంది.

కదలని రైలు

1944 ఆగస్టు. మిత్రదేశాల సైన్యాలు పారిస్‌కి దగ్గరవుతున్నాయి. నాజీలు మిగిలినవన్నీ మూటగట్టే తొందరలో పడ్డారు. ఆధునిక చిత్రాలున్న 148 పెట్టెలు అయిదు రైలుపెట్టెల్లోకి ఎక్కించారు. సెజాన్, దెగా, పికాసో, బ్రాక్, గొగాఁ... అంతా ఆ రైల్లోనే. రైలు నెంబరు, పెట్టెల నెంబర్లు రోజ్ రాసుకుని జొజార్‌కి అందించింది. ఆయన రైల్వేలోని దేశభక్తులకి కబురు పెట్టాడు.

ఆ తర్వాత ఆ రైలుకి రోజుకో తంటా. బరువెక్కువైందని ఓసారి, ఇంజను పాడైందని మరోసారి. పారిస్ పొలిమేర దాటి పోలేకపోయింది. ఆగస్టు 27న ఓల్నే అనే చోట ఫ్రెంచి సైనికులు దాన్ని పట్టుకున్నారు. ఆ సైనికులకి నాయకుడుగా వచ్చిన యువ అధికారి ఎవరో తెలుసా? పాల్ రోజెన్‌బర్గ్ కొడుకు అలెగ్జాండర్! పెట్టెలు తెరిస్తే అందులో తన ఇంటి గోడల మీద చూస్తూ పెరిగిన బొమ్మలే కనబడ్డాయి. సినిమాలో చూపిస్తే నమ్మం కదూ?

విచిత్రం ఏమిటంటే, పారిస్ విముక్తి పొందిన ఆ రోజుల్లోనే సొంత దేశస్థులు రోజ్‌ని అనుమానించారు. జర్మన్ల దగ్గర నాలుగేళ్లు పనిచేసింది కాబట్టి ద్రోహి అయ్యుంటుందని తుపాకీ గురిపెట్టి మ్యూజియం అంతా వెతికారు. ఆమె అసలు పని ఏమిటో తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మరి.

నోట్సు చేతికిచ్చింది ఎవరికి?

కళాఖండాలని కాపాడడానికి అమెరికన్ సైన్యంలో ఒక విభాగం ఉండేది. ఆ విభాగంలో జేమ్స్ రోరిమర్ అనే అధికారి, ఆయనా మ్యూజియం మనిషే, రోజ్ దగ్గర బోలెడు సమాచారం ఉందని పసిగట్టాడు. కానీ ఆమె వెంటనే ఇవ్వలేదు. నెలల తరబడి ఆయన్ని గమనించింది. ఆమె భయం ఆమెది. ఏదో కార్యాలయంలో ఫైళ్ల కింద పడిపోతే? తప్పుడు చేతుల్లో పడితే? స్వయంగా జర్మనీ వెళ్లి వెతికే మనిషి చేతికే ఇవ్వాలనుకుంది. ఆయన మీద గురి కుదిరాక 1945 తొలి నెలల్లో అన్నీ విప్పి చెప్పింది. బవేరియా కొండల్లో ఉన్న నోయిష్వాన్‌స్టైన్ కోట చూడమంది.

మే నెలలో రోరిమర్ అక్కడికి చేరాడు. ఫ్రాన్స్ నుంచి పోయిన వేల వస్తువులు అక్కడున్నాయి. అంతకంటే ముఖ్యం, నాజీల సొంత కార్డులు, ఫోటోలు, జాబితాలు కూడా అక్కడే ఉన్నాయి. ఏది ఎవరి దగ్గర్నుంచి తెచ్చారో అన్నీ వాళ్ల రాతల్లోనే దొరికాయి. బొమ్మలు దొరకడం ఒక ఎత్తు, అవి ఎవరివో తేల్చే కాగితాలు దొరకడం ఒక ఎత్తు.

రోజ్ అంతటితో ఇంట్లో కూర్చోలేదు. సైన్యంలో చేరి కెప్టెన్ హోదాలో యూనిఫారం వేసుకుని జర్మనీ వెళ్లింది. ఏళ్ల తరబడి కోటలు, గనులు, గిడ్డంగులు తిరిగింది. ఫ్రాన్స్‌కి దాదాపు 60 వేల వస్తువులు తిరిగొచ్చాయి. వాటిలో 45 వేల దాకా 1950 నాటికి సొంతదారులకో, వాళ్ల వారసులకో అందాయి. ఇది ఒక్కరి పని కాదు, నిజమే. కానీ ఎక్కడ వెతకాలో చెప్పిన చేతిరాత ఆమెదే.

ఆలస్యంగా అందిన గుర్తింపు

ఫ్రాన్స్, అమెరికా, చివరికి పశ్చిమ జర్మనీ కూడా ఆమెకి పతకాలిచ్చాయి. కానీ క్యూరేటర్ అన్న హోదా మాత్రం 1952లోగాని రాలేదు. అప్పటికి ఆమెకి యాభై మూడు, యాభై నాలుగేళ్లు! 1961లో తన అనుభవాలని పుస్తకంగా రాసింది. దాని ఆధారంగా 1964లో ద ట్రైన్ అనే సినిమా వచ్చింది. అందులో హీరో రైల్వే ఆయన. రోజ్ పాత్ర కాసేపు కనిపించి వెళ్లిపోతుంది. 2014లో వచ్చిన ద మాన్యుమెంట్స్ మెన్ సినిమాలో కూడా ఆమెకి పేరు మార్చేశారు. సినిమా పేరులోనే మగవాళ్లున్నారు, ఇహ ఏమనుకుంటాం!

రోజ్ పెళ్లి చేసుకోలేదు. యుద్ధం తర్వాత జాయిస్ హీర్ అనే బ్రిటిష్ ఆవిడ ఆమెకి జీవిత సహచరి అయింది. 1968లో పదవీ విరమణ చేశాక కూడా రోజ్ ఆ పాత కాగితాలని వదల్లేదు. ఇంకా తేలని బొమ్మల లెక్కలు సర్దుతూనే ఉంది. 1980 సెప్టెంబరు 18న కన్నుమూసింది. అంత్యక్రియలకి వచ్చినవాళ్లు కొద్దిమందే. పుట్టిన ఊళ్లోనే, మూడేళ్ల ముందు పోయిన జాయిస్ పక్కన ఆమెని సమాధి చేశారు. జు ద పోమ్ గోడ మీద ఆమె పేరుతో ఫలకం పెట్టింది 2005లో.

సొంతదారులు తేలని బొమ్మలు ఇప్పటికీ రెండువేల దాకా ఫ్రెంచి మ్యూజియాల సంరక్షణలో ఉన్నాయి. వారసులు బయటపడినప్పుడు ఒక్కొక్కటే వెళ్తున్నాయి. ఆ జాబితాకి రోజ్ పేరే పెట్టారు.

మనకేం సంబంధం అంటారా?

ఉంది. ప్రకాశం జిల్లా చందవరంలో పాత బౌద్ధ క్షేత్రం ఉంది. బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తులని చెక్కిన సున్నపురాతి పలక ఒకటి అక్కణ్ణుంచి దొంగల పాలై, చేతులు మారి, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అది చందవరంలో ఉండగా తీసిన పాత ఫోటో సాక్ష్యంగా నిలిచింది. 2016లో ఆ పలకని భారతదేశానికి తిరిగి ఇచ్చేశారు. ఎవరో ఒకరు ఓపిగ్గా ఫోటో తీసి ఉంచకపోతే అది మనదని ఎలా రుజువు చేసేవాళ్లం?

ఈ వృత్తి మీద ఆసక్తి ఉన్న అమ్మాయిలు అడుగుతుంటారు, ఏం చదవాలని. చరిత్ర, పురావస్తు శాస్త్రం, లలితకళలు ఏవైనా మంచి పునాదే. బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952 నుంచీ మ్యూజియాలజీ నేర్పుతున్నారు. డిగ్రీతోపాటు ఇంకో భాష నేర్చుకోండి. పాత లిపి ఒకటి చదవడం వస్తే మరీ మంచిది. చూసింది చూసినట్టు, తేదీతో సహా రాయడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి.

ఉద్యోగం చెయ్యనివాళ్లకీ ఓ పని చెబుతాను. మీ ఇంట్లో పాత ఫోటోలు, అమ్మమ్మ ఇచ్చిన నగలు, తాతగారి తాళపత్రాలు ఉంటే ఓ ఆదివారం కూర్చుని జాబితా రాయండి. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, అందులో ఎవరున్నారో, ఏ ఊళ్లో, ఏ ఏడాది తీశారో వెయ్యండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకి దిగుతుంది. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని పూర్తిచెయ్యండి.